పది కంపెనీల వాటా పది రెట్ల భద్రత కాదు

విశాఖ దగ్గరి పరవాడ ఫార్మాసిటీలో షిఫ్ట్ దిగి బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్ల మధ్య ఇప్పుడు ఓవర్‌టైమ్ కబుర్లతో పాటు షేర్ల కబుర్లూ నడుస్తున్నాయి. వాటిలో ఒక మాట వేదవాక్కులా చలామణీ అవుతోంది. "ఒక్కో స్టార్టప్‌ను వెతుక్కోవడం ఎందుకు? వాటిని పెంచి పోషించే కంపెనీ షేరు కొంటే సరి. పదింటిలో ఎనిమిది మునిగినా రెండు తేలుస్తాయి." అలాంటి రెండు కంపెనీలను పోల్చాల్సి వస్తే, వాటి చేతిలోని వాటాల విలువ కూడి, మార్కెట్ విలువ అంతకన్నా ఎంత తక్కువుంటే అంత చవక అని తేల్చేస్తున్నారు. ఈ లెక్క తప్పు. తప్పని పాతికేళ్ల కిందటే రుజువైంది.

అమెరికాలో ఇలా స్టార్టప్‌లను పెంచే సీఎంజీఐ అనే ఇంక్యుబేటర్ కంపెనీ షేరు 2000 జనవరిలో 160 డాలర్లు దాటింది. లైకాస్‌లో వాటా, ఆల్టావిస్టా, ఇంకా పదుల కొద్దీ కంపెనీలు దాని చేతిలో ఉండేవి. అదే ఏడాది పేట్రియాట్స్ ఫుట్‌బాల్ జట్టు కొత్త స్టేడియానికి తన పేరు పెట్టుకునే హక్కు కూడా కొంది. 2002లో స్టేడియం తెరిచేసరికి ఆ పేరు వదులుకుంది. షేరు డాలరు లోపుకు దిగింది. ఇంటర్నెట్ క్యాపిటల్ గ్రూప్‌కూ దాదాపు అదే గతి పట్టింది. అన్ని కంపెనీలుండి ఏం లాభం? వాటిలో చాలావాటి ఖాతాదారులు సాటి డాట్‌కామ్‌లే. అన్నిటికీ దిక్కు ఒకే ఐపీవో మార్కెట్. ఆ తలుపు మూసుకోగానే పిల్ల కంపెనీలన్నీ ఒకేసారి తల్లి ముందు చెయ్యి చాచాయి.

మనకూ ఆ అనుభవం ఉంది. సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబరులో నాస్‌డాక్‌ ఎక్కింది. మరుసటి నెలలోనే ఇండియావరల్డ్ అనే ఇంటర్నెట్ కంపెనీని 499 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అప్పట్లో సత్యం షేరుకు ధర కట్టేటప్పుడు ఇన్ఫోవే వాటానూ నాస్‌డాక్ రేటుకే కలిపి చూసేవారు. ఆ రేటు కూలింది, దానితో పాటే కలిపిన విలువా పోయింది. 2005లో సత్యం ఆ వాటాను అమ్మేసుకుంది. 2009లో బయటపడ్డ ఖాతాల మోసం వేరే కథ. ఈ నష్టానికి మోసం కూడా అక్కర్లేకపోయింది.

"మరి ఇన్ఫో ఎడ్జ్ సంగతేమిటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మన దేశానికే చెందిన ఈ ఇంటర్నెట్ కంపెనీ జొమాటోలో 2010లోనే డబ్బు పెట్టింది, పాలసీబజార్‌లో అంతకన్నా ముందే పెట్టింది. రెండూ 2021లో లిస్టయ్యాయి. కానీ అన్నేళ్లు ఓపిక పట్టే శక్తి దానికి ఎక్కడిది? తన ఉద్యోగాల సైటు నౌకరీ.కామ్ నుంచి ఏటా వచ్చే నగదుది. కంపెనీలు ఉద్యోగ ప్రకటనలకు కట్టే సొమ్ము ఉండబట్టే వాటాలను అయినకాడికి అమ్ముకునే అవసరం రాలేదు. అంటే ఇన్ఫో ఎడ్జ్ విజయం ఇంక్యుబేటర్ సిద్ధాంతానికి సాక్ష్యం కాదు, సొంత వ్యాపారానికి సాక్ష్యం. సొంత వ్యాపార ఆదాయం రెండు వేల కోట్లయినా లేని 2021-22లో ఆ సంస్థ కన్సాలిడేటెడ్ లాభం 12 వేల కోట్లు దాటింది. అందులో సింహభాగం లిస్టింగుల వల్ల పుస్తకాల్లో చేరిన విలువ. 2022 జులైలో జొమాటో షేరు 76 రూపాయల ఐపీవో ధర నుంచి 40 దరిదాపులకు పడింది. ఆ లాభాన్ని చూసి ఇన్ఫో ఎడ్జ్ షేరు కొన్నవాడు కొన్నది దేన్ని?

ఫార్మాసిటీనే చూడండి. ప్లాట్లు ఇస్తే వచ్చే సొమ్ము ఒక్కసారి వచ్చేది. యూనిట్ల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటుకు వచ్చే రుసుము, యూనిట్లు నడిచినంత కాలం వస్తూనే ఉండేది. ఈ రెంటినీ కలిపేసి "ఏటా వచ్చే లాభం" అని ఏ గుమాస్తా అయినా రాస్తాడా? స్టార్టప్ వాటాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం అదే చేస్తున్నాం.

వాటాల విలువ కన్నా షేరు చవకగా దొరకడం కూడా తాయిలం కాదు. ఆ వాటాలను అమ్మి సొమ్ము పంచమని చిన్న మదుపరి అడగలేడు. ఒకవేళ అమ్మినా ముందు పన్ను, తర్వాత యాజమాన్యం కొత్త పందేలు. మిగిలితే మనకు. పిల్ల కంపెనీ ఇప్పటికే లిస్టయి ఉంటే దాని షేరునే నేరుగా కొనుక్కోవచ్చు; మధ్యలో తల్లి ఎందుకు?

కాబట్టి రెండు ఇంక్యుబేటర్ కంపెనీలను పోల్చేటప్పుడు ఎన్ని స్టార్టప్‌లున్నాయని లెక్కపెట్టకండి. వార్షిక నివేదికలో స్టాండలోన్ (పిల్ల కంపెనీలను కలపని) నగదు ప్రవాహ పట్టిక తెరవండి. వాటాలు అమ్మిన సొమ్ము తీసేశాక కూడా జీతాలు, అద్దెలు వ్యాపారం నుంచే గడుస్తుంటే పోల్చడానికి కూర్చోండి. గడవకపోతే ఆ షేరును ముట్టుకోవద్దు.