దీపము ఎవరి వాకిట నిలువవలెను?



క్రిస్మసు దినములు సమీపించునప్పుడు విదేశములందున్న మన బిడ్డలు ఇంటికి పంపు చిత్రములలో ఒక కొత్త వేడుక కనబడుచున్నది. ఇంగ్లాండులోనో అమెరికాలోనో ఊరి వెలుపల ఒక రైతు భూమి యుండును. అక్కడ చెట్లకును కంచెలకును వేలకొలది చిన్న దీపములు కట్టి, వాటి నడుమ ఒక బాట వేయుదురు. కుటుంబములు సాయంకాలమున పోయి, పిల్లలను చేతపట్టుకొని ఆ బాట వెంబడి నడచి, వేడి చాక్లెట్టు పాలు త్రాగి, ట్రాక్టరు లాగు బండిలో తిరిగి ఇంటికి వత్తురు. లోపలికి పోవుటకు టిక్కెట్టు కలదు. ఏ గంటకు రావలెనో అదియు ముందుగానే నిర్ణయింపబడును. ఈ చిత్రములను ఫోనులో చూచిన మన సంఘ పెద్దలు కొందరు, “మన గుడి ప్రక్క పొలములో మనమును ఇట్టిది కట్టింతము, పిల్లలు కొంత పంపెదరు, తక్కినది చందా వేసికొందము” అనుచున్నారు. అట్లు చేయవద్దని మిమ్మును బతిమాలుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట ఒక సంగతి తేటపరచవలెను. దీపములు కట్టుటయే పాపమని గర్జించు బోధకులు కొందరున్నారు. నేను వారి పక్షమున లేను. 1882లో న్యూయార్కు పట్టణమున ఎడిసను గారి సహచరుడైన ఎడ్వర్డు జాన్సను తన ఇంటి క్రిస్మసు చెట్టుకు 80 విద్యుద్దీపములు కట్టెను. అంతకు ముందు జనులు ఎండిన కొమ్మలకు మైనపు వత్తులు వెలిగించి, ఇల్లు అంటుకొనునేమోయని భయపడుచుండిరి. ఆ భయమును తీర్చినదానిని నిందింపనేల?

ఆ దేశపు రైతును గూడ నేను తప్పుపట్టను. పంటమీద మాత్రమే ఆధారపడి బ్రదుకుట అక్కడను కష్టమే. ఇంగ్లాండులో సగముకంటె ఎక్కువమంది రైతులు సేద్యముతోబాటు మరియొక ఆదాయమార్గమును గూడ చూచుకొన్నారు. డిసెంబరులో లండనులో సాయంత్రము 4 గంటలు కాకముందే ప్రొద్దు క్రుంకును. అంతటి చీకటిలో, దినమంతయు పనులలో ఒకరి ముఖమొకరు చూడని తలిదండ్రులును పిల్లలును ఒక సాయంత్రము కలిసి నడచుట మేలే. మన బిడ్డలు అట్లు పోయిరని ఎవరును వారిని గద్దింపవద్దు.

అయితే వారికి తగినది మనకు తగునా? అక్కడ దీపము ఒకచోట నిలిచియుండును; మనుష్యులు రూకలు చెల్లించి దానియొద్దకు పోవుదురు. రూకలు లేనివాడు కంచె వెలుపల నిలుచును. మన పెద్దలు మనకిచ్చిన ఆచారమో, దీనికి పూర్తిగా వేరైనది. క్రిస్మసుకు ముందు రాత్రులయందు పాటల గుంపు బయలుదేరును. ఒకడు పెట్రోమాక్సు లైటు తలమీద పెట్టుకొని ముందు నడచును. డోలకును తాళములును వెనుక వచ్చును. మంచులో తడియుచు, కుక్కల అరుపుల మధ్య, ఆ లైటు ప్రతి వాకిటను నిలుచును. నిద్రలేచిన ముసలమ్మ తలుపు తీసి, కొంగు సవరించుకొని, ప్రార్థనకు తల వంచును. చేతిలో ఉన్నది కానుక వేయును, లేనిచో లేదు. దీపమే మనుష్యుని యొద్దకు నడచివచ్చినది గదా! దీనికి టిక్కెట్టు ఎవరు పెట్టగలరు?

ఈ ఆచారమును మనము కొంచెము కొంచెముగా చంపుచున్నాము. అనేక సంఘములలో పాటల గుంపు ఇప్పుడు వ్యాను ఎక్కినది. మైకు మ్రోగుచుండగా పెద్ద యిండ్ల యెదుట ఆగి, ఫలహారము తిని, చందా పుస్తకములో పేరులేని ఇంటిని దాటిపోవుచున్నది. బండి పోలేని సందులో కాపురమున్నవారు దూరమునుండి పాట విని పండుకొనుచున్నారు. ఇక పొలములో దీపాల బాట కూడ వేసితిమా, ఆ కొంచెము నడకయు మానివేసి, “కావలసినవారు వచ్చి చూతురులే” అందుము. నా భయము ఇదియే.

లూకా సువార్త 2వ అధ్యాయము తెరచి చూడుడి. గొల్లలు వెలుగును వెదకుచు ఎక్కడికిని పోలేదు. వారు రాత్రివేళ పొలములో తమ పనిలో ఉండిరి; ప్రభువు మహిమ వారున్న చోటికే వచ్చెను. మత్తయి 2వ అధ్యాయములోని నక్షత్రమును చూడుడి. అది జ్ఞానులకు దారి చూపి, శిశువున్న చోటికి మీదుగా నిలిచెను. వారు ఇంటిలో ప్రవేశించిన తరువాత ఆ నక్షత్రమును గూర్చి మాటయే లేదు. వారి చూపంతయు శిశువు మీదనే. మన బిడ్డలు పండుగ రాత్రి గుడికి వచ్చి, దీపముల యెదుట ఫొటోలు తీసికొని, ప్రసంగమునకు ముందే ఇంటికి మరలిపోయినచో ఆ దీపము ఎవరియొద్దకు దారి చూపినట్టు?

మన పొలములలో ఇప్పటికిని గొల్లలున్నారు. వరి కోతలైన పిమ్మట రైతులు ఎరువు కొరకు గొర్రెల మందలను తమ మళ్లలో కట్టించుకొందురు గదా. ఆ కాపరులు తమ ఊరు విడిచి, గొంగళి కప్పుకొని, మంద ప్రక్కనే చలిలో పండుకొందురు. బేత్లెహేము కథను ప్రతి యేట నాటకముగా ఆడించి, మన పిల్లలకు తలపాగ చుట్టి కఱ్ఱ చేతికిచ్చి గొల్లలుగా నిలువబెట్టుదుము. గుడికి రెండు పొలముల అవతల నిజమైన గొల్ల పండుకొనియుండగా, అతనియొద్దకు ఒక పాటయు ఒక గిన్నెడు వేడి అన్నమును తీసికొని పోయిన సంఘములెన్ని?

చందా సంగతి గూడ ఆలోచింపుడి. ఇంటికి 500 రూపాయలని వేసినచో ఉద్యోగస్థునికి అది తేలిక. కూలికి పోవు విధవరాలికి అది కొన్ని దినముల తిండి. ఆమె ఇయ్యనేరదు, ఇయ్యలేదని చెప్పుటకు సిగ్గుపడును, అప్పుచేసియైన ఇచ్చును, లేదా పండుగనాడు గుడికే రాదు. క్రీస్తు జన్మదినమున బీదరాలిని గుడికి రాకుండ చేసిన దీపము ఎంత వెలిగినను చీకటియే.

“శోభ లేనిచో అన్యులు ఎట్లు వత్తురు?” అని కొందరడుగుదురు. శోభ వద్దని ఎవరనిరి? మెదకు మహాదేవాలయమును చూడుడి. చార్లెసు వాకరు పాస్నెట్టు దొరగారి పూనికతో లేచిన ఆ గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవుకాలమున ఆకలిగొన్నవారికి ఆ కట్టడపు పని కూడు పెట్టెను. క్రీస్తు జననమును చూపు దాని రంగుల అద్దపు కిటికీకి తీగెలు అక్కరలేదు; ప్రొద్దు పొడిచి వెలుపలి వెలుగు సోకినప్పుడు అది ప్రకాశించును. ఆకలి తీర్చిన శోభకు నేనును నమస్కరింతును.

కాబట్టి సహోదరులారా, గుడికి ఒక నక్షత్రము కట్టుడి, చాలును. విదేశములనుండి బిడ్డలు పంపు సొమ్మును దుప్పట్లకును బియ్యమునకును కేటాయింపుడి. ఆ సంగతి వారికి వ్రాయుడి, వారును సంతోషింతురు. ఈ క్రిస్మసుకు పాటల గుంపు వ్యాను దిగి నడువవలెను. తండ్రులు పిల్లలను భుజములమీద ఎక్కించుకొని, తల్లులు పాట అందుకొని, కుటుంబములు కుటుంబములుగా బయలుదేరుడి. ఊరి చివరి పాకతో మొదలుపెట్టుడి. చందా ఇయ్యనివాని వాకిట మొదట నిలువుడి. రోగిష్టివాని మంచము దగ్గర పాట మెల్లగా పాడుడి. తరువాత గట్టు వెంబడి మంద యొద్దకు పొండి. లైటు మోయువాడు అలసినచో మరియొకడు ఎత్తుకొనవలెను. ఏ ఇల్లును మిగిలిపోకూడదు.

దూరదేశముల దీపాల బాటలలో నడచుచున్న మన బిడ్డలను, మన పొలములలో మేలుకొనియున్న కాపరులను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.