ఎనభై ఏళ్ల గుండెకు స్కాన్ దేనికి?

డెబ్బై అయిదు, ఎనభై దాటినవాళ్లకు గుండె పరీక్షల ప్యాకేజీలు అమ్మడం మన నగరాల్లో మామూలైపోయింది. రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో చాలవన్నట్టు ఇప్పుడు గుండెకు సిటీ స్కాన్, అందులో గుండె ధమనుల్లో పేరుకున్న కాల్షియంను కొలిచి ఇచ్చే కాల్షియం స్కోరు కూడా చేర్చుతున్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో డబ్బు కడతాడు. గుంటూరులో ఉన్న తండ్రి పొద్దున్నే పరగడుపున వెళ్లి స్కాన్ బల్ల మీద పడుకుంటాడు. అంత దూరాన ఉన్న బిడ్డల ఆదుర్దాను తప్పుపట్టలేం. ఆ ఆదుర్దాను సొమ్ము చేసుకుంటున్న వాదనను మాత్రం తప్పుపట్టి తీరాలి. 'ముందే తెలుసుకుంటే ముప్పు తప్పుతుంది' అంటున్నారు. ఒంట్లో ఏ బాధా లేని ఎనభై ఏళ్ల మనిషి విషయంలో ఈ స్కాన్‌కు ఆ మాట వర్తిస్తుందని చెప్పే ఆధారం లేదు.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. 2018లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ కలిసి కొలెస్టరాల్ చికిత్సకు మార్గదర్శకాలు విడుదల చేశాయి. 76 నుంచి 80 ఏళ్ల వాళ్లకు కాల్షియం స్కాన్ గురించి అందులో ఉన్న సిఫార్సు ఒక్కటే. స్కోరు సున్నా వస్తే, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఇవ్వనక్కర్లేదని తేల్చుకోవడానికి ఈ స్కాన్ చేయవచ్చు. ఇంకోసారి చదవండి. ఆ వయసులో ఈ స్కాన్‌కు వాళ్లు చూపిన ప్రయోజనం మందు తప్పించడం. జబ్బు వెతకడం, స్టెంటు వేయడం ఆ వాక్యంలో ఎక్కడా లేవు. అదీ బలంగా చెప్పిన సిఫార్సు కాదు, 'చేస్తే చేయవచ్చు' అనే స్థాయిది. 80 దాటినవాళ్లకు ఆ మాత్రం మాట కూడా లేదు.

అలా ఎందుకు రాశారో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. గుండెజబ్బు ముప్పును లెక్కగట్టే సూత్రాలన్నింటిలోనూ వయసుదే పైచేయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన పట్టికలు 74 ఏళ్ల దగ్గర ఆగిపోతాయి. అమెరికా వాళ్ల లెక్క 79 దగ్గర ఆగుతుంది. యూరప్ వాళ్లు 2021లో డెబ్బై దాటినవాళ్లకు వేరే లెక్క కట్టుకున్నారు గానీ అది వాళ్ల జనాభాకు కుదిర్చింది. డెబ్బై అయిదు దాటాక బీపీ, షుగరు, కొలెస్టరాల్ అన్నీ చక్కగా ఉన్నా, పుట్టిన సంవత్సరం ఒక్కటే మనిషిని ఎక్కువ ముప్పు ఉన్న గడిలో కూర్చోబెడుతుంది. ఇక అందరికీ మాత్రే. అమెరికాలో 5,805 మందితో బయోఇమేజ్ అనే అధ్యయనం జరిగింది. వాళ్ల సగటు వయసు 69. అప్పటి మార్గదర్శకాల లెక్కన వాళ్లలో 86 శాతం మంది స్టాటిన్ వాడాలి. స్కాన్ చేసి చూస్తే 32 శాతం మంది ధమనుల్లో కాల్షియం జాడే లేదు. అధ్యయనం సాగినంత కాలం ఆ సున్నా వాళ్లలో గుండెపోట్లు అరుదు. పెద్ద వయసులో ఈ స్కాన్ పనికొచ్చేది ఇక్కడే. అనవసరంగా మాత్ర మింగుతున్నవాళ్లను ఏరి పక్కన పెట్టడానికి.

మరి మన దగ్గర సున్నా వచ్చిన పెద్దావిడకు ఏ మాత్ర ఆపుతున్నారు? 'అంతా బాగుంది, మందులు అలాగే వాడండి' అని పంపేస్తున్నారు. మార్గదర్శకం ఏ పని కోసం ఆ పరీక్షకు చోటిచ్చిందో ఆ పని తప్ప మిగతావన్నీ జరుగుతున్నాయి.

ఈ మధ్య 83 ఏళ్ల పెద్దాయన రిపోర్టు ఒకటి చూశాను. నాలుగు రక్తనాళాలకు నాలుగు వరుసలు, కింద మొత్తం స్కోరు 412, దాని పక్కన ఎర్ర అక్షరాల్లో 'సివియర్'. ఆ వయసు మగవాళ్లలో అంత స్కోరు ఉండటం చాలా మామూలు. ఆ సంగతి రిపోర్టులో లేదు. దాని కింద, ఆయన తన వయసువాళ్లతో పోలిస్తే ఎక్కడున్నారో చెప్పే పర్సెంటైల్ అంకె ఒకటి. ఇలాంటి పోలికకు అందరూ వాడేది మీసా అనే అమెరికన్ అధ్యయనం పట్టిక. అందులో తెల్లవాళ్లు, నల్లవాళ్లు, హిస్పానిక్‌లు, చైనా మూలాలున్నవాళ్లు ఉన్నారు. భారతీయులు లేరు. అమెరికాలో స్థిరపడిన దక్షిణాసియా వాళ్ల మీద మసాలా అనే అధ్యయనం వేరుగా నడుస్తోంది. తెనాలి నేల మీద ఎనభై మూడేళ్లు బతికిన మనిషిని ఈ రెండింటిలో దేనితో పోల్చాలి? ఆ ఎర్ర అక్షరాలు చూసిన రోజు నుంచి ఆయన పొద్దుటి నడక మానేశారు. నడిస్తే గుండె ఆగిపోతుందని భయం. అంతవరకు రోజూ ఊరి చెరువుదాకా వెళ్లొచ్చేవారు. ఆయన గుండెకు ఆ నడక చేస్తున్న మేలు ఆ స్కాన్ వల్ల పోయింది.

ఎర్ర అక్షరాల తర్వాత వచ్చే మెట్లు అందరికీ తెలిసినవే. మోకాళ్ల నొప్పులతో ట్రెడ్‌మిల్ మీద చేసే టీఎంటీ పరీక్ష కుదరదు. సిటీ యాంజియో చేస్తే, గట్టిపడిన కాల్షియం వల్ల పూడిక ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అది చూసి క్యాథ్ ల్యాబ్, స్టెంటు, ఆపైన రక్తం పలచబరిచే మందులు. రంగు మందు భారం కిడ్నీల మీద. ఛాతీ నొప్పి నిలకడగా ఉన్నవాళ్లకు స్టెంటు వేసినా మరణాలు తగ్గలేదని 2007లో కరేజ్ ట్రయల్ తేల్చింది. 2020లో 5,179 మందితో చేసిన ఇస్కీమియా ట్రయల్‌దీ అదే మాట. అందులో మన దేశపు రోగులు కూడా ఉన్నారు. ఈ రెండు ట్రయల్స్‌లోనూ రోగుల సగటు వయసు అరవైల్లోనే. 75 దాటి, గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరినవాళ్లు 1,518 మంది మీద బ్రిటన్‌లో సీనియర్-రీటా ట్రయల్ చేశారు. ఫలితాలు 2024లో వచ్చాయి. గుండెజబ్బుతో చనిపోవడం లేదా మళ్లీ గుండెపోటు రావడం, యాంజియోగ్రామ్ దారిలో వెళ్లినవాళ్లలో 25.6 శాతం, మందులతో సరిపెట్టినవాళ్లలో 26.3 శాతం. మళ్లీ వచ్చే గుండెపోట్లు కొంత తగ్గాయి, మరణాలు తగ్గలేదు. గుండెపోటు వచ్చినవాళ్లకే తేడా ఇంత అయితే, ఏ బాధా లేకుండా ప్యాకేజీ కోసం వచ్చిన మనిషికి ఏం ఒరుగుతుంది?

స్కోరు చూసి ముందు జాగ్రత్తగా ఆస్పిరిన్ రాసేవాళ్లూ ఉన్నారు. గుండెజబ్బు లేని పెద్దవాళ్లు 19,114 మంది మీద చేసిన ఆస్ప్రీ ట్రయల్ 2018లోనే ఈ సంగతి తేల్చింది. మేలు కనబడలేదు, తీవ్రమైన రక్తస్రావం మాత్రం 2.8 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగింది.

'ఈ వయసులో ఇక పరీక్షలెందుకు' అనేవాళ్ల పక్షాన నేను లేను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తున్న ఎనభై ఏళ్ల అమ్మమ్మను 'వయసు మీద పడింది' అని ఇంట్లో కూర్చోబెట్టడం అన్యాయం. ఆమెకు ఎకో తీయాలి. రేడియేషన్ లేదు, రంగు మందు లేదు, అరగంటలో అయిపోతుంది. అయోర్టిక్ కవాటం బాగా బిగుసుకుపోయి ఉంటే ఎకోలో తెలిసిపోతుంది. అలాంటివాళ్లకు తొడ రక్తనాళం గుండా కొత్త కవాటం పెడితే ఏమవుతుందో 2010లో పార్ట్‌నర్ ట్రయల్ చూపింది. ఆపరేషన్ తట్టుకోలేని, సగటున 83 ఏళ్ల రోగుల్లో ఏడాదిలోపు మరణాలు 50.7 శాతం నుంచి 30.7 శాతానికి తగ్గాయి. గుండె గోడ మందమైతే అమైలాయిడ్ అనే జబ్బును అనుమానించాలి. ఫిన్లాండ్‌లో 85 దాటి చనిపోయినవాళ్ల శవపరీక్షల్లో నలుగురిలో ఒకరి గుండెలో ఆ పదార్థం కనబడింది. ఇప్పుడు దానికి మందుంది. ఈ పరీక్షలన్నీ ఒక లక్షణాన్ని పట్టుకుని మొదలైనవి, జవాబును బట్టి చికిత్స మారేవి. కాల్షియం ప్యాకేజీకి ఆ రెండూ లేవు.

అసలు ఎనభై ఏళ్ల మనిషికి ఆపరేషనో కవాటమో అనుకునేముందు చూడాల్సిన పరీక్ష ఒకటుంది. దానికి యంత్రం అక్కర్లేదు. ఆసుపత్రి వరండాలో అయిదు మీటర్లు గీత గీసి, మామూలుగా నడవమని, గడియారం చూడాలి. గుండె ఆపరేషన్‌కు వచ్చిన పెద్దవాళ్లలో ఆ దూరానికి ఆరు సెకన్లు, అంతకన్నా ఎక్కువ పట్టినవాళ్లకు చావో పెద్ద ఇబ్బందో ఎదురయ్యే అవకాశం మూడింతలని 2010లోనే తేలింది. ఏ ప్యాకేజీలోనైనా ఈ నడక ఉందా? దీనికి బిల్లు వేయడం కుదరదు కాబట్టి లేదు.

ప్రభుత్వం చేస్తున్నది కూడా ఇదే దోవన ఉంది. 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్‌లో వయ వందన కార్డు మొదలుపెట్టారు. ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 నిండిన అందరికీ, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. మంచి నిర్ణయమే. కానీ ఆసుపత్రిలో చేరితేనే డబ్బు. ఓపీలో డాక్టరుతో మాట్లాడినందుకు, ఎకో తీసినందుకు, సంచిలో తెచ్చిన పదకొండు రకాల మాత్రలు ఒక్కొక్కటీ చూసి నాలుగు తీసేసినందుకు పైసా రాదు. స్టెంటు వేస్తే వస్తుంది. 76 నుంచి 80 మధ్యవాళ్లకు స్కాన్ తీసేది మందు తప్పించడానికని మార్గదర్శకం చెబుతుంటే, మందు తప్పించే డాక్టరుకు ఏమీ ఇవ్వకుండా గొట్టం ఎక్కించే డాక్టరుకే చెల్లించే పథకం రాసుకున్నాం. దీన్ని వృద్ధుల ఆరోగ్య భద్రత అని ప్రకటనల్లో వేసుకుంటున్నారు.

గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు ఇది చదివి మాత్రలు మానేయకూడదు. వాళ్లకు ఆ మాత్రలు కావాలి, ఈ స్కోరుతో వాళ్లకు పని లేదు. షుగరు ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు సున్నా వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇవి డాక్టరు ఎదురుగా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయాలు. ఆ కూర్చోబెట్టే పావుగంటకే మన పథకాల్లో చోటు లేదు.

వయ వందన కింద గుండె లక్షణాలున్న పెద్దవాళ్లకు ఓపీ ఎకో, మందుల సమీక్ష వెంటనే చేర్చాలి. ఏ బాధా లేని, 80 దాటినవాళ్ల ప్యాకేజీల్లోంచి కాల్షియం స్కోరును రాష్ట్ర ఆరోగ్య శాఖలు తీయించాలి. 76 నుంచి 80 మధ్యవాళ్లకు అమ్ముతామంటే, సున్నా వస్తే ఏ మాత్ర ఆపుతారో ఆసుపత్రి ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. అది రాసివ్వలేని ఆసుపత్రికి ఆ స్కాన్ పేరుతో ఒక్క రూపాయి తీసుకునే హక్కు లేదు.