సైకిల్ తమ్ముడి కోపం

మా బిల్డింగ్ కింద బకాలాలో పనిచేసే అబ్బాయిది రైల్వేకోడూరు దగ్గర పల్లె. నన్ను అక్కా అని పిలుస్తాడు. మంగఫ్‌లో మా సందులన్నిటికీ నీళ్ళ బాటిళ్ళు, ఖుబ్బూస్ పాకెట్లు సైకిల్ మీదే తెచ్చిస్తాడు. పోయిన గురువారం రాత్రి మోచెయ్యి గీసుకుపోయి వచ్చాడు. పెద్ద జీపు ఒకటి వెనకనుంచి హారన్ కొడుతూ, అద్దం తగిలేంత దగ్గరగా దాటిపోయిందట. వీడు పడ్డాడు. అది వినీ నేను అంత భయపడలేదు. లేచి వెళ్ళి, సిగ్నల్ దగ్గర ఆ బండిని అందుకుని బానెట్ మీద చరిచాడంటే మాత్రం నా కాళ్ళు వణికాయి.

"ఊరికే పడుంటే మనం మనుషులం కాదా అక్కా?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. డిగ్రీలో చదివిన ఫిజిక్స్ మాత్రం ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే ఒక్క సెకనుకు పదహారు మీటర్ల పైమాట. వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగింతలు. తప్పు ఎవరిదైనా విరిగేది సైకిల్ మీదున్నవాడి ఎముకే. పైగా బండి మీద చెయ్యేసినా, చేత్తో సైగ చేసినా, కేసు వాడి మీదికే తిరగొచ్చు. అకామా మీద బతికేవాళ్ళకు అది చిన్న విషయమా?

అందుకే చెప్పాను: వెనక హారన్ మోగితే పక్కకు దిగి నిలబడు, వాణ్ణి పోనీ. ముఖం చూడకు. బండి నంబరు, రంగు ఫోన్‌లో గొంతుతో రికార్డు చేసుకో. తగిలితే మాత్రం అక్కడే ఉండి 112కి ఫోన్ చెయ్యి. ఐదు దినార్లు చేతిలో పెడితే తీసుకుని వచ్చెయ్యకు, నొప్పి తెల్లారాక తెలుస్తుంది.

వాడి తప్పూ ఒకటుంది. ఊళ్ళో అలవాటుగా ఎడమవైపే తొక్కుతాడు. ఇక్కడ అది ఎదురు రావడమే. సందులోంచి కుడికి తిరిగే డ్రైవరు ఎడమకే చూస్తాడు, వీడు కనపడడు.

ఇక మన సంగతి. పోయినేడాది నేనే కారు తలుపు చటుక్కున తీస్తే ఒకతను సైకిల్‌తో సహా పడబోయాడు. బ్రిటన్‌లో 2022 నుంచి రోడ్డు నియమావళిలోనే రాశారు: తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తలుపు తియ్యమని. ఇక్కడ డ్రైవింగ్ సీటు ఎడమవైపు కదా, కుడిచేత్తో తీసి చూడండి, ఒళ్ళు దానంతటదే తిరిగి వెనక వచ్చేవాడు కనిపిస్తాడు. సైకిల్‌ను దాటేటప్పుడు ఒకటిన్నర మీటరు వదలమనీ అందులోనే ఉంది. ఫోన్ సంగతి చెప్పక్కర్లేదు, 2025 ఏప్రిల్ నుంచి 75 దినార్ల జరిమానా గుర్తుంది కదా. మా ఆయనకు రోజూ గుర్తుచేస్తూనే ఉంటాను.

నిన్న అబ్బాయి నీళ్ళు తెచ్చినప్పుడు సైకిల్ వెనక ఎర్రలైటు కనపడింది. మోచెయ్యి మానింది. బానెట్ మీద కొట్టిన అరచెయ్యే ఇంకా నొప్పిగా ఉందట.