పల్నాడు అడవి గాలి: కొలిచి చెప్పవలసిన మేలు

అడవి గాలి ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న మాటలో సత్యముంది. అయితే దానికి ఆధారంగా మనం చూపే ఫలితాలలో అనేకం జపాన్ అడవులకు చెందినవి. వాటిని పల్నాడుకు అన్వయించే ముందు మన అడవి స్వభావాన్ని, మన ప్రజలు పీల్చే గాలిని పరిశీలించడం వ్యవసాయ శాస్త్రవేత్తల బాధ్యత.

జపాన్ అటవీ శాఖ 1982లో ‘షిన్రిన్ యోకు’, అనగా వనస్నానం, అనే భావనను ప్రచారంలోకి తెచ్చింది. టోక్యోకు చెందిన వైద్య పరిశోధకుడు చింగ్ లీ, ఆయన సహచరులు 12 మంది పురుషులను మూడు రోజులు అడవిలో తిప్పి, వారి రక్తంలో రోగనిరోధకతకు తోడ్పడే నేచురల్ కిల్లర్ కణాల చురుకుదనం పెరిగినట్లు 2007లో ప్రకటించారు. చెట్లు విడుదల చేసే టెర్పీన్ల వంటి ఆవిరి పదార్థాలు ఇందుకు కొంత కారణమని వారి అభిప్రాయం. ఫలితం ఆసక్తికరమైనదే. కాని పరీక్షకు వచ్చినవారు కొద్దిమంది. వారు అడవిలో నడిచారు, పని ఒత్తిడికి దూరంగా గడిపారు. ఇందులో గాలి వాటా ఎంత, నడక వాటా ఎంత, విశ్రాంతి వాటా ఎంత అన్నది విడదీయడం సులభం కాదు.

పైగా అక్కడి అడవులలో సుగి, హినోకి వంటి సతతహరిత సూచ్యాకార వృక్షాలు విస్తారం. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు వ్యాపించిన నల్లమల శుష్క ఆకురాల్చు అడవి. మద్ది, చిరుమాను, ఏగిస, అండుగు ఇందులోని చెట్లు. అండుగు బంకలో ఆల్ఫా పైనీన్ వంటి టెర్పీన్లు ఉన్న మాట నిజమే. అయినా ఈ ఆవిరుల విడుదల జాతిని, ఆకును, ఉష్ణోగ్రతను, వెలుతురును బట్టి మారుతుంది. వేసవిలో ఆకు రాలిన కొండవాలు మీది గాలి, వానలు పడి చిగురించిన తరువాతి గాలి ఒకటి కాజాలవు. ఏ ఋతువులో, ఏ వేళ, ఎంత మోతాదులో అన్న ప్రశ్నకు ఇక్కడ కొలిచిన అంకెలే సమాధానం చెప్పగలవు.

అడవి గాలి మేలులో మరొక భాగం, అందులో లేని వాటి వలన కలుగుతుంది. ధూళి, పొగ, మందుల తుంపర అక్కడ తక్కువ. పి.ఎం. 2.5 సూక్ష్మకణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన జాతీయ ప్రమాణం 40. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వద్ద పనిచేసేవారికి, మిరప చేలలో మందు కొట్టేవారికి, కల్లాలలో తొడిమలు తీసే మహిళా కూలీలకు అడవి విహారం దొరకదు. వారి ఊపిరితిత్తుల మాట ఎత్తకుండా వనస్నానాన్ని బోధిస్తే, అది తీరిక గలవారికి చెప్పే సలహాగానే మిగులుతుంది. నల్లమలలో తరతరాలుగా నివసించే చెంచులకు పోషకాహారం, వైద్యం నేటికీ అవసరాలే. మంచి గాలి ఒక్కటే ఆరోగ్యం కాదనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

చెట్ల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. జామాయిల్ వంటి చెట్లు ఐసోప్రీన్‌ను అధికంగా విడుదల చేస్తాయి. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో అది ఎండలో కలిసినప్పుడు ఓజోన్ ఏర్పడుతుంది. నేలమట్టపు ఓజోన్ ఊపిరితిత్తులకూ పంటకూ హానికరం. రద్దీ రహదారుల వెంట ఏ చెట్టు నాటాలన్నది ఈ దృష్టితో కూడా నిర్ణయించాలి.

కాబట్టి మన విశ్వవిద్యాలయ విద్యార్థులు మాచర్ల సమీప అడవి, మిరప చేను, పిడుగురాళ్ల బట్టీల పరిసరం అనే మూడు చోట్ల ఒకే పద్ధతిలో, మూడు ఋతువులలో గాలిని కొలవాలి. ఆవిరి పదార్థాలు, సూక్ష్మకణాలు, ఉష్ణోగ్రత నమోదు చేయాలి. వైద్య కళాశాలల సహకారంతో, నడక సమయాన్ని సమానంగా ఉంచి, అదే మనుషుల రక్తపోటును, నిద్రను మూడు చోట్లా పోల్చాలి. పరిశోధన వ్యాసాలకు ఇంతకంటె దగ్గరి అంశం మరొకటి ఉండదు.

ఫలితాలు వచ్చేలోగా విస్తరణ కార్యకర్తలు ధైర్యంగా చెప్పగల మాటలు లేకపోలేదు. గాలివాటు చూసి మందు కొట్టాలి, ముఖానికి తగిన రక్షణ ధరించాలి, కల్లాల చెంత వేప, కానుగ వంటి నీడ చెట్లు పెంచాలి. ఉన్న అడవిని నరకకుండా, కాల్చకుండా కాపాడుకోవాలి. అడవి గాలిలోని మేలు కొంతైనా చేను గట్టుకు చేరినప్పుడే మన శాస్త్రం రైతుకు ఉపయోగపడినట్లు.