ఎర్రర్ అంటే తిట్టు కాదు, జవాబు

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఇంట్లో డిప్లొమా, బీసీఏ, బీటెక్ చదివే పిల్లలుంటే వాళ్ళచేత కూడా చదివించండి.

విషయం టెర్మినల్. బొమ్మలు, బటన్లు లేకుండా నల్లటి తెర మీద మాటలు టైపు చేసి కంప్యూటర్ చేత పని చేయించుకునే కిటికీ. సునాబెడలోనో గుణుపురంలోనో కంప్యూటర్ చదువులో చేరిన మన పిల్లలకు లినక్స్ ల్యాబ్‌లో ఇది ఎదురవుతుంది. ఒక కమాండ్ కొడతారు, ఇంగ్లీషులో ఒక లైను వస్తుంది. అంతే, కంగారు. తెరను ఫోటో తీసి స్నేహితుడికి పంపుతారు. అతను ఇంకో కమాండ్ పంపుతాడు. అదేమిటో చూడకుండా అతికించి ఎంటర్ కొడతారు. ఈ అలవాటు మారాలి, మార్చడానికి మన సంఘమే పూనుకోవాలి అన్నది మా అభిప్రాయం.

అసలు ఈ కిటికీ అంత ముక్తసరిగా ఎందుకు మాట్లాడుతుంది? 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ పని మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటర్‌తో మాట్లాడింది టెలిటైపు యంత్రాల మీద. సెకనుకు పది అక్షరాలు కాగితం మీద అచ్చు కొట్టే యంత్రాలవి. అందుకే కమాండ్లు రెండేసి అక్షరాలు: జాబితాకు ఎల్‌ఎస్, నకలుకు సీపీ. పని సవ్యంగా జరిగితే చాలా కమాండ్లు ఏమీ చెప్పవు. తేడా వస్తేనే నోరు విప్పుతాయి. కాబట్టి ఆ వచ్చిన లైను చాలా విలువైనది. దాన్ని చదవకుండా కిటికీ మూసేయడమంటే డాక్టరు చీటీ చదవకుండా చించేయడమే.

రోజూ ఎదురయ్యే జవాబులు నిజానికి నాలుగైదే.

'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే ఆ పేరుతో పనిముట్టు దొరకలేదని. స్పెల్లింగు తప్పి ఉండాలి, లేదా ఆ ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అయి ఉండకపోవాలి.

'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటే నువ్వు చెప్పిన చోట ఆ ఫైలు లేదని. పీడబ్ల్యూడీ కొడితే మనం ఏ ఫోల్డర్లో ఉన్నామో చెబుతుంది, ఎల్‌ఎస్ కొడితే అక్కడ ఏమున్నాయో చూపిస్తుంది. లినక్స్‌లో ఇంగ్లీషు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. పేరు మధ్య ఖాళీ ఉంటే దాన్ని రెండు పేర్లుగా తీసుకుంటుంది, అప్పుడు కోట్స్‌లో పెట్టాలి. ఇంకా సులువైన దారి: మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు అదే పూర్తి చేస్తుంది.

'పర్మిషన్ డినైడ్' అంటే నీకు ఆ హక్కు లేదని. ఇక్కడే పిల్లలు ప్రతిదానికీ ముందు సుడో తగిలిస్తున్నారు. సుడో అంటే యజమాని అధికారం చేతికి తీసుకోవడం. ముందు ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ కొట్టి ఆ ఫైలు ఎవరిదో చూడాలి. పక్కింటి తలుపు తెరుచుకోకపోతే తాళం పగలగొట్టం కదా.

కొన్ని అసలు తప్పులే కావు. పాస్‌వర్డ్ కొడుతుంటే చాలా సిస్టమ్‌లలో తెర మీద చుక్కలు కూడా రావు. కీబోర్డు చెడిపోలేదు, కనబడకుండా దాచుతోంది. కంట్రోల్ ఎస్ పొరపాటున నొక్కితే తెర బిగుసుకుపోతుంది, కంట్రోల్ క్యూ నొక్కితే కదులుతుంది. విమ్‌లో ఇరుక్కుంటే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. మార్పులు సేవ్ కావు, కానీ బయటపడతారు.

ఇక మనకు మాత్రమే వచ్చే ఇబ్బందులు. ఇంగ్లీషు పుస్తకాల్లో వీటి ప్రస్తావన సాధారణంగా ఉండదు. లినక్స్‌లో ఫైలు పేరుకు మామూలుగా 255 బైట్ల హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగుకైతే ఒక్కో గుర్తుకు మూడు. అంటే 85 గుర్తులే. పైగా 'శ్రీ' అన్నది మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు గుర్తులు: శ, పొల్లు, ర, ఈత్వం. పన్నెండు బైట్లు. శుభలేఖలా పొడుగ్గా పేరు పెడితే 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అంటుంది. ఒడియాకూ ఇదే లెక్క. ఇంకొకటి, చాలా టెర్మినళ్ళలో తెలుగు ఒత్తులు, గుణింతాలు చెదిరి కనిపిస్తాయి. టెర్మినల్ తెరను సమానమైన గళ్ళుగా కోసుకుంటుంది, మన లిపి ఆ గళ్ళలో సరిగా ఒదగదు. ఫైలు పాడైందని భయపడి చెరిపేయకండి. మామూలు ఎడిటర్లో తెరిచి చూడండి.

చెరపడం అంటే గుర్తొచ్చింది. ఆర్‌ఎం కమాండ్‌తో తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్ళదు, పోతుంది. ఎవరో పంపిన కమాండ్‌లో ఆర్‌ఎం ఉందో లేదో చూడకుండా అతికిస్తే పెళ్ళి ఫోటోలు, ప్రాజెక్టు రిపోర్టు, సంఘం సభ్యత్వ జాబితా ఒక్క ఎంటర్‌తో పోవచ్చు. ముందు అదే పేరుతో ఎల్‌ఎస్ కొట్టి ఏవి పోతాయో చూసుకుని, ఆ తర్వాతే ఆర్‌ఎం. ముఖ్యమైనవి ఇంకో డ్రైవ్‌లో ఎప్పుడూ ఉండాలి.

"ఇప్పుడు ఏఐని అడిగితే అన్నీ చెబుతోంది కదా" అని కొందరంటున్నారు. అడగండి, తప్పులేదు. కానీ ఆ కమాండ్‌లో ఏ ముక్క ఏం చేస్తుందో కూడా అడిగాకే ఎంటర్ కొట్టండి. మన కొండల్లో వానాకాలం నెట్ పోతే ఏం చేస్తారన్నది కూడా ఆలోచించాలి. మ్యాన్ అని కొట్టి పక్కన కమాండ్ పేరు రాస్తే దాని వివరం కంప్యూటర్లోనే దొరుకుతుంది, నెట్ అక్కర్లేదు. యూనిక్స్ తొలి మాన్యువల్ 1971లో వచ్చింది, ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. చిక్కల్లా అది ఇంగ్లీషులో ఉండటమే.

మన బలం ఇక్కడే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. ఆఫీసు భాష మారింది. మనవాళ్ళు ఒడియా నేర్చుకున్నారు, తెలుగు వదల్లేదు. రాయగడ సంతలో బేరమాడాలంటే తెలుగు, ఒడియా, కువి మూడూ చెవిన పడతాయి. ఇన్ని భాషల మధ్య బతికేవాళ్ళకు నాలుగైదు ఇంగ్లీషు వాక్యాలు ఒక లెక్కా?

అందుకే మా ప్రతిపాదన ఇది. నెలకో ఆదివారం, రెండు గంటలు. రిటైరైన మాస్టార్లు, ఆఫీసు ఉద్యోగాలు చేసిన పెద్దలు ఇంగ్లీషు బాగా చదవగలరు, కంప్యూటరంటే మొహమాటం. పిల్లలకు కీబోర్డు తెలుసు, ఇంగ్లీషంటే జంకు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడదాం. నియమం ఒక్కటే: వచ్చిన లైను పైకి చదవాలి, దాని అర్థం తెలుగులో చెప్పాలి, ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకోవాలి.

సంఘం గదిలో ఒక లావుపాటి నోటుపుస్తకం పెడదాం. ఏం టైపు చేశాం, కంప్యూటర్ ఏమంది, ఏం చేస్తే సరిపోయింది, ఎందుకు సరిపోయింది. అంతా తెలుగులో. ఏడాది గడిస్తే మన కాలేజీ పిల్లలకు అంతకన్నా పనికొచ్చే పుస్తకం ఉండదు. వచ్చే సమావేశానికి మీ పిల్లల్ని ఇబ్బంది పెట్టిన లైను ఒకటి, అక్షరం మార్చకుండా కాగితం మీద రాసి తీసుకురండి. మొదటి పేజీ వాటితోనే నింపుదాం.