తేలికదనం పేరిట పానాలు పారేసేవారికి

మనం నిత్యం వాడే "స్టెప్నీ" అనే మాట వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో ఒక వీధి పేరు. 1904లో అక్కడి డేవీస్ సోదరులు పంక్చరైన చక్రం పక్కనే బిగించి కారును ఇల్లు చేర్చగల అదనపు చక్రాన్ని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటి కార్లకు అదనపు చక్రం ఇచ్చే ఆచారం లేదు. దారిలో టైరు పోతే అక్కడే కూర్చుని బాగుచేసుకోవలసిందే. ఆ బాధ తీర్చినందుకు వీధి పేరే వస్తువు పేరైపోయింది. బ్రిటన్‌లో ఆ మాటను దాదాపుగా మరిచిపోయారు. తెలుగువాళ్ళం మాత్రం మరవలేదు.

నూరేళ్ళు తిరిగేసరికి కథ మళ్ళీ మొదటికి వచ్చింది. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్‌లో స్టెప్నీ లేదు. మాజ్డా ఎమ్‌ఎక్స్-5 (అమెరికావారి మియాటా) 1989లో పుట్టినప్పుడు డిక్కీలో ఒక బక్క స్టెప్నీ ఉండేది. 2005లో వచ్చిన మూడో తరంలో దాని స్థానాన్ని ఒక జిగురు సీసా, ఒక గాలి పంపు ఆక్రమించాయి. ఎలీస్ సంగతిలో కొంత న్యాయం ఉంది. మొదటి తరం ఎలీస్‌కు ముందు చక్రాలు 15 అంగుళాలవి, వెనుకవి 16 అంగుళాలవి. ఒక్క స్టెప్నీ రెండింటికీ అతకదు, రెండు పెట్టడానికి చోటు లేదు. కనుక కంపెనీలతో నాకు పెద్ద పేచీ లేదు.

నా పేచీ ఆ కార్లను కొనుక్కున్న రసికులతో. స్టెప్నీ ఎలాగూ లేదు కదా అని పానాలను, పంపును, చివరికి చక్రపు నట్లు విప్పే కడ్డీని కూడా ఇంట్లో దించేసి, దానికి "తేలికదనం" అని పేరు పెట్టుకునేవారితో. వీరికి కులదైవం లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్. బరువు తగ్గించమన్నాడు కదా, తగ్గించాము అంటారు.

చాప్‌మన్ ఏం చేశాడో చూద్దాం. 1957లో ఆయన తెచ్చిన లోటస్ సెవెన్‌ను చాలామంది విడిభాగాలుగా కొనుక్కున్నారు. పూర్తి కారు కొంటే బ్రిటిష్ ప్రభుత్వానికి కొనుగోలు పన్ను కట్టాలి, విడిభాగాలుగా కొంటే అక్కరలేదు. జనం తమ ఇంటి షెడ్డులో, తమ చేతులతో, తమ పానాలతో బిగించుకున్న కారు అది. పానాతో పుట్టిన కారులో పానా ఉంచడం ఆయన సిద్ధాంతానికి ద్రోహమట!

ఆయన తేలికదనానికి అసలు అర్థం, ఒక వస్తువు చేత రెండు పనులు చేయించడం. 1967 నాటి లోటస్ 49 పందెపు కారులో ఇంజను వెనుక ఛాసిస్ లేదు, ఇంజనే ఛాసిస్. వెనుక చక్రాల భారాన్ని మోసేది అదే. ఛాసిస్ పనిని ఇంజనుకు అప్పగించాడే గాని, ఆ పనినే వదిలేయలేదు. పానాలు పారేసేవారు చేస్తున్నది వేరు. పనిని పనిగానే వదిలేసి, దాన్ని ఎవరో లారీవాడి నెత్తిన పెడుతున్నారు.

"ఫోనుంది, బీమా ఉంది, లారీ వస్తుంది" అన్నది వీరి రెండో వాదం. ఈ కార్లను కొనేది ఆఫీసుకు వెళ్ళడానికి కాదు కదా! స్కాట్లండ్‌లో యాపుల్‌క్రాస్‌కు వెళ్ళే కొండదారి 626 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. ఒక్క కారు పట్టేంత రోడ్డు, ఎదురు బండి వస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా కాస్త జాగా. ఇటువంటి దారులకోసమే ఈ కార్లు. ఫోను సిగ్నలు అందనివీ ఇటువంటి చోట్లే. సిగ్నలు దొరికినా, నేలబారు కారును పొట్ట గీసుకోకుండా ఎక్కించుకోగల లారీ రావడానికి గంటలు పట్టవచ్చు. ఆపైన చాలా కార్లలో లాగుడు కొక్కెం విడిగా ఉంటుంది, మరతో బిగించాలి. అది ఇంట్లో ఉంటే వచ్చిన లారీవాడు కూడా తల గోక్కోవలసిందే.

ఇక బరువు లెక్క చూద్దాం. మొదటి తరం ఎలీస్ బరువు సుమారు 725 కిలోలు. నేను చెప్పబోయే సామాను, జాకీ కాకుండా, ఐదు కిలోలకు అటూ ఇటూ. అంటే నూటికి ఒక వంతు కూడా కాదు. పెట్రోలు లీటరు ముప్పాతిక కిలో తూగుతుంది, కనుక ఇది సుమారు ఏడు లీటర్ల పెట్రోలు. ట్యాంకు నిండా పోయించి, పానాలను ఇంట్లో పెట్టి, బరువు తగ్గించానని మురిసేవారిని ఏమనాలి?

ఆ ఐదు కిలోల్లో ఏముండాలి?

మొదట టైరు సంగతి. కంపెనీ ఇచ్చే జిగురు సీసా చిన్న మేకు చేసిన రంధ్రానికి పనికొస్తుంది. టైరు పక్కగోడ చిరిగితే పనికిరాదు. దానికి గడువు తేదీ కూడా ఉంటుంది, చూసేవారు తక్కువ. అంతకంటే మన ఊళ్ళలో ట్యూబ్‌లెస్ టైర్లకు పంక్చర్ వేసేవారు సూదితో దూర్చే జిగురు పీలిక మేలు. ఆ సూది, ఆకురాయి, నాలుగు పీలికలు, కారు కరెంటుతో నడిచే చిన్న పంపు, గాలి కొలిచే గేజి ఉండాలి. ముందు టైరైతే స్టీరింగును చివరిదాకా తిప్పితే గాయం కనిపిస్తుంది. పీలిక వేసిన టైరుతో నెమ్మదిగా టైర్ల దుకాణం దాకా వెళ్ళాలి, అంతే. జాకీ తీసుకెళ్ళదలిస్తే, ఇంటి దగ్గరే ఒకసారి టైరులో గాలి తీసేసి, అది కారు కిందికి దూరుతుందో లేదో చూడండి. చాలా జాకీలు దూరవు.

రెండవది చక్రపు నట్లు. ఎమ్‌ఎక్స్-5కు 21 మి.మీ. సాకెట్టు, పొడవు పెంచుకోగల కడ్డీ కావాలి. దొంగల భయానికి ప్రత్యేకమైన నట్లు బిగించుకున్నవారు వాటి తాళపుముక్కను కారులోనే ఉంచాలి. అది లేకపోతే మిగతా పనిముట్లన్నీ దండుగ.

మూడవది పానాలు. నూటపాతిక ముక్కల పెట్టె మోసేవారిది మరో రకం అజ్ఞానం. మీ కారులో ఉన్న సైజులే కావాలి. మాజ్డాకు 10, 12, 14, 17 మి.మీ. చాలు. ఎలీస్‌లో 2004 నుంచి కొన్నిటికి టయోటా ఇంజను పెట్టారు. ఇంజను దగ్గర జపానువారి 12, 14, మిగతాచోట్ల యూరపువారి 13. ఒక కారు, రెండు సంప్రదాయాలు! ఒక చిన్న రాచెట్, ఆ సాకెట్లు, రెండు మొనల స్క్రూడ్రైవర్, ఒక కటింగ్ ప్లేయరు చాలు.

నాలుగవది కరెంటు, నీరు. రకానికి రెండు ఫ్యూజులు, కాస్త వైరు, ఇన్సులేషన్ టేపు, నుదుటికి కట్టుకునే టార్చి. చేత్తో పట్టుకునే టార్చి వద్దు, రెండు చేతులూ పనిలో ఉంటాయి. ఒక లీటరు నీళ్ళు, రబ్బరు గొట్టానికి చుట్టే టేపు, ఒక క్లిప్పు. రోవర్ కె ఇంజనున్న పాత ఎలీస్‌లకు ఇది మరీ ముఖ్యం. నీరు తగ్గితే హెడ్ గాస్కెట్ పోగొట్టుకోవడంలో ఆ ఇంజనుకు పెద్ద పేరుంది. ఇంజను చల్లారేదాకా మూత తీయవద్దు.

చివరగా, ప్రాణానికి సంబంధించినవి. మెరిసే చొక్కా, ఎర్రని త్రికోణం. ఫ్రాన్సులో 2008 నుంచి ఈ రెండూ తప్పనిసరి. బ్రిటన్‌లో తప్పనిసరి కాదు గాని, మామూలు రోడ్డు మీద త్రికోణాన్ని కనీసం 45 మీటర్లు వెనుక పెట్టమని, మోటార్‌వే మీద అసలు పెట్టవద్దని హైవే కోడ్ చెబుతుంది. ఇతర కార్ల కిటికీ అంచుకు కూడా రాని బండి మలుపు దగ్గర ఆగిపోతే వెనుకవాడికి ఎలా కనిపిస్తుంది?

ఇవన్నీ గుడ్డ సంచిలో చుట్టి, సీటుకు వీలైనంత దగ్గరగా, కిందుగా, పట్టీతో గట్టిగా కట్టాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే, కట్టని పానా తగిలే వేగం దాదాపు 40 మీటర్ల ఎత్తునుంచి తలమీద పడ్డదానితో సమానం. తేలికదనంకంటే ఈ లెక్క ముఖ్యం.

మిత్రులారా, ఈ కార్లను ప్రేమించేవారంతా యంత్రంతో తమకున్న అనుబంధాన్ని గురించి ఎంతో అందంగా రాస్తారు. రోడ్డు చేతికి తెలుస్తుందంటారు, ఇంజను మాట వినిపిస్తుందంటారు. ఆ ఇంజను "దాహం" అన్నప్పుడు లీటరు నీళ్ళు లేనివాడు, టైరు నిట్టూర్చినప్పుడు పంపు లేనివాడు ఏ అనుబంధాన్ని గురించి రాస్తున్నట్టు? అరకిలో బరువుకోసం వెతికేవారు మొదట తమ డిక్కీలోని గొడుగును, జేబులోని రెండో ఫోనును దించి చూడండి. పానాల జోలికి మాత్రం పోకండి.