నేలపట్టులో సందడి తగ్గాలి

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువు చూడడానికి మామూలు పల్లె చెరువే. ఈశాన్య ఋతుపవనం కరుణిస్తే నిండుతుంది, లేకుంటే బీటలు వారుతుంది. అయితే దాని నీళ్లలో నిలిచిన కడప చెట్లు దానికి దేశమంతటా పేరు తెచ్చాయి. అక్టోబరు మొదలు మార్చి దాకా ఆ చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా అక్కడే కాపురముంటాయి. 1976లో ప్రభుత్వం చెరువునూ, చుట్టూ ఉన్న చిట్టడవినీ కలిపి సుమారు 459 హెక్టార్లను పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది.

చుట్టుపక్కల రైతులు ఈ పక్షుల జోలికి పోరు. ఇందులో జాలి ఎంత ఉందో లెక్కా అంతే ఉంది. రెట్టలు కలిసిన చెరువు నీరు మడిలో పారితే పైరు ఏపుగా వస్తుందని ఆయకట్టుదార్ల అనుభవం.

సూళ్లూరుపేట కేంద్రంగా 2001లో ఫ్లెమింగో పండుగ మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పేరు పులికాట్ సరస్సులోని ఫ్లెమింగోలది, జనం రద్దీ మాత్రం నేలపట్టు గూడబాతులకు! పల్లె పిల్లలు పక్షులను చూసి సంతోషించడం మంచిదే. నాలుగు టీ కొట్లకు బేరమూ తగులుతుంది. కాని జనవరి నాటికి గూళ్లలో పిల్లలుంటాయి. అరుపులకూ, హారన్లకూ తల్లిపక్షి బెదిరి లేచిందంటే కాకులు, గద్దలు గుడ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోతాయి. అందుచేత మైకులు, ఆటపాటలు సూళ్లూరుపేటలోనే ఉంచాలి. పడవ షికారుకు భీమునివారిపాలెం ఉండనే ఉంది. నేలపట్టు కట్టపైకి జనాన్ని చిన్న జట్లుగా పంపాలి, బస్సులను దూరంగానే ఆపించాలి.

అంతకన్నా ముఖ్యం నీరు. గూటికి చోటు నేలపట్టులో ఉన్నా మేత అంతా అక్కడ దొరకదు. గూడబాతు పులికాట్‌కూ, చుట్టుపక్కల చెరువులకూ ఎగిరిపోయి గొంతు సంచిలో చేపలు తెచ్చి పిల్లలకు పెడుతుంది. ఆ చెరువులు పూడిపోయినా, పులికాట్‌కు సముద్రపు నీరు తెచ్చే రాయదొరువు ముఖద్వారం ఇసుక మేట వేసినా గూళ్లలో పిల్లలు పస్తుండవలసిందే. పందిళ్లకూ, దీపాలకూ వెచ్చించే సొమ్ములో కొంత తగ్గించి నేలపట్టుకు నీరు తెచ్చే కాలువల పూడిక తీయించాలి, కలుజులు బాగుచేయించాలి. ఏటా సెప్టెంబరులోగా ఈ పని ముగిస్తేనే వానాకాలపు నీరు చెరువుకు చేరుతుంది. అటవీ, నీటిపారుదల శాఖల అధికారులు ఆయకట్టు రైతులను కూర్చోబెట్టుకుని వేసవిలోనే అంచనాలు సిద్ధం చేయడం అవసరం.